"పాత పీపీ గారు కదా, ఒక్క ఫోన్ చేయండి": క్రిమినల్ కేసుల్లో అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్నే ఒకాయన ఫోన్ చేశారు. పేరేంటి, ఏ ఊరు, ఏ కేసు అన్నది చెప్పకముందే అడిగేశారు: "మేడమ్, మీరు పాత పీపీ గారంట కదా. ఇప్పుడున్న పీపీ గారికి ఒక్క మాట చెబితే అయిపోద్ది కదా?"

పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, కోర్టులో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసు నడిపే లాయరు. పదకొండేళ్లు మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఏపీపీగా (అసిస్టెంట్ పీపీగా) చేసి, రాజీనామా చేసి డిఫెన్స్ వైపు, అంటే నిందితుల తరఫున వాదించే వైపు వచ్చాను. ఇటు వచ్చి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఈ మాట వినని వారం లేదు. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. కొడుకో అల్లుడో కేసులో ఇరుక్కుంటే ఎవరికైనా ముందు తోచేది "మనకి తెలిసినవాళ్లు ఎవరున్నారు" అనే. నా కోపమంతా ఆ భయం చూసి "నేను చూసుకుంటా, లక్ష రెడీ చేసుకోండి" అని చెప్పేవాళ్ల మీద. అందుకే ఈ ఒక్కదాని గురించి వివరంగా రాస్తాను. మిగతావి క్లుప్తంగా చెప్పేస్తాను.

అపోహ: మాజీ పీపీని పెట్టుకుంటే పరిచయాలతో పని జరిగిపోతుంది.

వాస్తవం: పీపీగా ఉన్న రోజుల్లోనే నా చేతిలో లేని పనులు ఇవి. ఎఫ్ఐఆర్‌లో పేరు తీసేయడం, సెక్షన్ మార్చడం, అరెస్టు ఆపడం. దర్యాప్తు పోలీసులది. ప్రాసిక్యూటర్లు ఉండేది ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ కింద, స్టేషన్ కింద కాదు. కేసు ఉపసంహరించుకుంటామని పీపీ పిటిషన్ వేసినా, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 360 ప్రకారం కోర్టు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. పదవిలో ఉన్నప్పుడే చేయలేనిది, పదవి వదిలేసి ఏడేళ్లయ్యాక ఒక్క ఫోన్‌తో ఎలా చేస్తాను?

మరి పాత పీపీ దగ్గర ఉండేదేంటి? ఫైలు చదివిన అలవాటు. ఎఫ్ఐఆర్ మూలన మేజిస్ట్రేట్ గారు సంతకం చేసి వేసే తేదీ, టైము చూస్తాం. రాత్రి తొమ్మిదికి నమోదైన ఎఫ్ఐఆర్ మర్నాడు సాయంత్రం దాకా కోర్టుకి చేరలేదంటే, ఆ మధ్యలో పేర్లు చేరాయా అన్న అనుమానానికి చోటుంటుంది. ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్‌లో "ఎవరు కొట్టారు" అన్నచోట గాయపడిన మనిషి మొదట చెప్పింది "గుర్తుతెలియని వ్యక్తులు" అని ఉండి, స్టేట్‌మెంట్‌లో అయిదు పేర్లు వస్తే అది పట్టుకుంటాం. నలుగురు సాక్షుల స్టేట్‌మెంట్లు ఒకే తప్పుతో, ఒకే వాక్యంతో ఉంటే పట్టుకుంటాం. అటువైపు కూర్చున్నప్పుడు ఇవే నా కేసులో బొక్కలు. వీటిని డిఫెన్స్ లాయరు ఎక్కడ పట్టుకుంటాడోనని రాత్రిళ్లు టెన్షన్ పడిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ తెలివిడే నా పెట్టుబడి.

కానీ దానికి విలువ ఉండేది మొదటి రెండు మూడు వారాల్లోనే. సరిగ్గా ఆ రోజుల్నే జనం "తెలిసినవాళ్ల" కోసం తిరుగుతూ పోగొట్టుకుంటున్నారు.

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్. రాత్రి ఎనిమిదిన్నర దాటాక కుర్రాళ్ల మధ్య కొట్లాట, ఒకడి తలకి కుట్లు పడ్డాయి. హత్యాయత్నం సెక్షన్, బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 109 పెట్టారు. ఏ4గా, అంటే నాలుగో నిందితుడిగా పేరున్న కుర్రాడికి 22 ఏళ్లు. వాళ్ల నాన్న నా ఆఫీసుకి వచ్చేసరికి సంఘటన జరిగి 23 రోజులు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన ఎఫ్ఐఆర్ కాపీ, చెమటకి మడతల దగ్గర చిరిగిపోతోంది.

"మా వాడు ఆ టైముకి అక్కడ లేడమ్మా. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో పెట్రోలు కొట్టించుకుంటున్నాడు" అన్నారు. ఫోన్ తీసి చూపించారు. 300 రూపాయలు, రాత్రి 8:47, బంకు పేరుతో యూపీఐ చెల్లింపు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "బంకులో సీసీ కెమెరా ఉందా?"

"ఉందమ్మా. మొన్న వెళ్లి అడిగితే పదిహేను రోజులే ఉంటాదంట. చెరిగిపోయిందన్నారు."

ఈ 23 రోజులూ ఆయన ఏం చేశారు? ఊళ్లో ఒక పెద్దమనిషి "స్టేషన్‌లో మనవాళ్లున్నారు, పేరు తీయిస్తా" అని ఎనభై వేలు పట్టుకెళ్లాడు. "పని అయ్యేదాకా అబ్బాయిని ఊళ్లో ఉంచకండి" అన్నాడు. వీళ్లు కుర్రాడిని పెద్దమ్మగారి ఊరికి పంపి, ఫోన్ ఆపేయించారు. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్లాడు. ఫైల్లో ఏమెక్కుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాటను పదకొండేళ్లు నేనే కోర్టులో చదివాను: "నిందితుడు పరారీలో ఉన్నాడు." బెయిలు వ్యతిరేకించేటప్పుడు పీపీ చేతికి దొరికే మొట్టమొదటి ఆయుధం అదే. ఆ ఆయుధాన్ని ఎనభై వేలు ఇచ్చి మరీ వాళ్లే అటువైపు అందించారు.

యూపీఐ రసీదు ఉంది కదా అంటారా? నేను అటువైపు ఉంటే అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ టైముకి ఫోన్ నీ దగ్గరే ఉందని రుజువేంటి? నీ స్నేహితుడు తీసుకెళ్లి ఉండవచ్చు కదా?" డబ్బు ఆ ఖాతా నుంచి వెళ్లిందని రసీదు చెబుతుంది. ఆ నిమిషం బంకులో నిలబడ్డ మనిషి ఎవరో చెప్పదు. అది చెప్పగలిగేది ఆ కెమెరా.

అదే మొదటి వారంలో వచ్చి ఉంటే జరిగే పని పెద్దదేం కాదు. ఫుటేజీ భద్రపరచమని బంకు యజమానికి లిఖితపూర్వకంగా లెటర్. దర్యాప్తు అధికారికి అదే విషయం రిజిస్టర్డ్ పోస్టులో. ఆ ఫుటేజీ తెప్పించమని మేజిస్ట్రేట్ ముందు బీఎన్ఎస్ఎస్ 94 కింద పిటిషన్. కాపీ తీస్తే దాంతోపాటు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63(4) సర్టిఫికెట్, అది లేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉన్నది సాక్ష్యంగా నిలబడదు. ఇవన్నీ రెండు రోజుల పని. వీటిలో ఏ ఒక్కదానికీ ఎవరి పరిచయమూ అక్కర్లేదు.

కుర్రాడు చివరికి లొంగిపోయి, సబ్ జైల్లో 31 రోజులున్నాక బెయిలు వచ్చింది. ఆ 31 రోజులూ వాళ్ల అమ్మ తిండి సరిగా తినలేదు.

అపోహ: ఛార్జిషీట్ వేశాక లాయర్‌ను పెట్టుకోవచ్చు, ముందే పెడితే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు.

వాస్తవం: పైదానికి ఇది చెల్లెలు. లాయర్‌ను సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. అది వాడుకున్నందుకు ఏ కోర్టూ మిమ్మల్ని అనుమానించదు. ఛార్జిషీట్ వచ్చాక నేను చూడగలిగేది పోలీసులు సేకరించినది మాత్రమే. వాళ్లు సేకరించనిది అప్పటికి మిగలదు.

ఇంకోటి. రిమాండ్‌లో ఉన్న మనిషికి 60 రోజుల్లో, పదేళ్లూ అంతకు పైబడిన శిక్ష, యావజ్జీవం, మరణశిక్ష పడే కేసుల్లో అయితే 90 రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే డిఫాల్ట్ బెయిలు హక్కు వస్తుంది. రిమాండ్ వేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. కానీ అడగాలి. గడువు దాటిన పొద్దున్నే పిటిషన్ పడాలి. మీరు అడిగేలోపు ఛార్జిషీట్ పడిందంటే ఆ హక్కు పోయినట్టే. ఈ రోజులు లెక్కపెట్టే మనిషి లేక లోపలే ఉండిపోయినవాళ్లను రెండు వైపుల నుంచీ చూశాను.

అపోహ: నోటీసు వస్తే అరెస్టే, కాబట్టి దాక్కోవాలి. లేదా, నోటీసే కదా, పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: రెండూ తప్పే. ముందు కాగితం మీద సెక్షన్ చూడండి. బీఎన్ఎస్ఎస్ 179 అని ఉంటే మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నారు. ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను అలా స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. 35(3) అని ఉంటే మీ మీద ఆరోపణ ఉంది, కానీ ఇప్పుడు అరెస్టు అవసరం లేదని అర్థం. పాత సీఆర్‌పీసీలోని 41ఏ నోటీసు ఇదే. దీనికి హాజరవుతున్నంత కాలం, ప్రత్యేకంగా కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణను మీ చేతులారా పోగొట్టుకున్నట్టు. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. వెళ్లండి, టైముకి వెళ్లండి, వెళ్లినట్టు కాగితం మీద రాయించుకోండి.

తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టొద్దు. అసలు పోలీసులకు మీరిచ్చే స్టేట్‌మెంట్ మీద మీ సంతకం ఉండకూడదనే చట్టం చెబుతోంది.

అపోహ: టీవీలో "నేరం ఒప్పుకున్నాడు" అని వచ్చింది, ఇక శిక్ష ఖాయం.

వాస్తవం: పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నేరాంగీకారంగా చెల్లదు. అతను చెప్పినదాన్నిబట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. ఆ స్క్రోలింగ్ చూసి ఇంట్లోవాళ్లు కూలబడిపోతుంటారు. దయచేసి చూడకండి.

అపోహ: ఫిర్యాదు ఇచ్చినాయన వెనక్కి తీసుకుంటే కేసు కొట్టేస్తారు.

వాస్తవం: ఎఫ్ఐఆర్ అయ్యాక అది ప్రభుత్వం కేసు. బీఎన్ఎస్ఎస్ 359 జాబితాలో ఉన్న నేరాలకే రాజీ. కొన్నిటికి కోర్టు అనుమతి కూడా కావాలి. జాబితాలో లేనివాటికి హైకోర్టుకి వెళ్లాలి. హత్య, అత్యాచారం లాంటివి అక్కడా సాధారణంగా రాజీతో పోవు. లోక్ అదాలత్‌లో అన్నీ సర్దేస్తారన్నది కూడా ఈ కోవలోదే.

అపోహ: డబ్బు లేకపోతే డిఫెన్స్ లేదు.

వాస్తవం: కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవాధికార సంస్థ గది తలుపు తట్టండి. అక్కడ డిఫెన్స్ కౌన్సెల్‌గా చేసే పిల్లల్లో చాలా గట్టివాళ్లున్నారు.

ఇక చివరిది. ఇది నా సొంత గాయం కాబట్టి కొంచెం ఆగుతాను.

అపోహ: నిన్నటిదాకా శిక్ష పడాలన్నవాళ్లు ఇవాళ నిందితుడి పక్కన నిలబడ్డారంటే అమ్ముడుపోయినట్టే.

ఈ మాట మా బంధువుల్లోనే ఒకరు పెళ్లి భోజనాల దగ్గర పదిమందిలో అన్నారు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. పీపీ పని శిక్ష వేయించడం కాదు. నిర్దోషికి శిక్ష పడేలా ప్రాసిక్యూషన్ నడపకూడదని, అతని నిర్దోషిత్వాన్ని చూపే కాగితాన్ని దాచకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లో రాసి ఉంది. దాని పక్కనే ఇంకో నియమం: అతను తప్పు చేశాడో లేదో అన్న సొంత అభిప్రాయంతో సంబంధం లేకుండా లాయరు నిందితుడి తరఫున నిలబడాలి. రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఏపీపీగా చేరిన నాలుగో ఏడు. దొంగతనం కేసు, ముద్దాయి పాత నేరస్తుడు. విచారణకి ముందురోజు సీడీ (పోలీసుల కేస్ డైరీ) ఫైలు తిరగేస్తుంటే, దొంగతనం జరిగిన తేదీకి అతను పక్క జిల్లా సబ్ జైల్లో ఉన్నట్టు ఒక కాగితం కనబడింది. ఎవరూ దాచలేదు, ఎవరూ చూడలేదు, అంతే. అతనికి లాయరు కూడా సరిగా లేడు. మర్నాడు ఆ కాగితాన్ని నేనే కోర్టుకి ఇచ్చాను. బోనులోని మనిషి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తన మీద వాదించాల్సిన మనిషి ఏం చేస్తోందో అతనికి అర్థం కాలేదు. నేను ఇటువైపు రావడానికి బీజం ఆ రోజే పడిందనుకుంటాను.

పీపీగా నేను చూసిన కేసులోనే ఇటు వచ్చి వాదించగలనా అని కొందరు అడుగుతారు. కుదరదు. ఒక పక్షానికి పనిచేసిన కేసులో అవతలి పక్షానికి పనిచేయకూడదు. అలాంటి ఫైళ్లు వస్తే పేరు చూసిన వెంటనే తిప్పి పంపేస్తాను.

ఆ ఏ4 కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. ఆ రాత్రి బంకులో పెట్రోలు కొట్టిన అబ్బాయి పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. కుర్రాడి నాన్న నాలుగు నెలలు వెతికారు. పోయిన వారం హైదరాబాద్‌లో ఒక హోటల్లో పనిచేస్తున్నాడని తెలిసింది. నంబరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు, అదే బట్టల షాపు కవర్లో. అతన్ని డిఫెన్స్ సాక్షిగా పిలవాలంటే ముందు ఆ రాత్రి ఆ బండి, ఆ మొహం అతనికి గుర్తుండాలి. రేపు సాయంత్రం కోర్టు అయ్యాక మాట్లాడతాను.