ఎంతసేపు ఆలోచించాలి?

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "పెద్దవాళ్ళు దేనికైనా ఆలోచించి చెయ్యమంటారు. ఎంతసేపు ఆలోచించాలో మాత్రం ఒక్కరూ చెప్పరు" అన్నారు. న్యాయమైన ఫిర్యాదే. పైగా మేం చెప్పే మాటలు ఒకదానికొకటి అడ్డం కూడాను. ఇవాళ ‘నిదానమే ప్రధానం’ అంటాం, రేపు ‘ఆలస్యం అమృతం విషం’ అంటాం. రెండూ నిజమే. ఎదురుగా ఉన్న పనికి ఏది పనికొస్తుందో పోల్చుకోవడంలోనే వివేకమంతా ఉంది. ఆ పోల్చుకోవడం ఎలాగో నాకు తెలిసినంత రాస్తాను.

నేను ముందు చూసేది ఒక్కటే. ఇది చేసేశాక తప్పని తేలితే వెనక్కి తీసుకోగలనా? తీసుకోగలిగితే ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, చేసి చూడొచ్చు. తీసుకోలేనిదైతే ఆగాలి, తెలిసినవాళ్ళని అడగాలి, ఒక రాత్రి గడిచాక మళ్ళీ చూడాలి.

చిత్రమేమిటంటే చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఏ కోర్సులో చేరాలా అని నెలల తరబడి టెన్షన్ పడతారు. నచ్చకపోతే అది మార్చుకోవచ్చు. కొంత డబ్బు, కొంత కాలం పోతాయి, నొప్పిగానే ఉంటుంది, అయినా దారి మూసుకుపోదు. అదే పిల్లలు, స్నేహితురాలు నమ్మి పంపిన ఫోటోని ఇంకొకరికి పంపడానికి అర సెకను కూడా ఆగరు. అది ఇక ఎవరి చేతిలోనూ ఉండదు. మీరు డిలీట్ చేసేలోపు ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు. ఒకరు చెప్పిన రహస్యం, చదవకుండా పెట్టిన సంతకం, నిద్రమత్తులో నడిపిన బండి, అందరి ముందూ ఒకణ్ణి అవమానిస్తూ అన్న మాట, ఇవన్నీ ఈ కోవలోవే. చూడటానికి చిన్నవి కాబట్టి వీటికి ఆలోచన అక్కర్లేదనుకుంటాం. పని ఎంత పెద్దది అన్నదానికీ, అది ఎంత గట్టిగా అంటుకుంటుంది అన్నదానికీ సంబంధం లేదర్రా.

కోపంలో రాసే మెసేజ్ సంగతి చూడండి. అబ్రహాం లింకన్ చేసిన పని ఒకటి నాకు చాలా ఇష్టం. 1863 జూలైలో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, గెటిస్‌బర్గ్ దగ్గర మూడు రోజులు భయంకరమైన పోరు జరిగింది. లింకన్ పక్షం గెలిచింది. గెలిపించిన జనరల్ మీడ్ ఆ సేనకి అధిపతిగా వచ్చి, ఆ పోరు మొదలయ్యేనాటికి మూడు రోజులే అయింది. ఓడిన జనరల్ లీ తన సేనతో వెనుదిరిగాడు. పొటోమాక్ నది పొంగి ఉండటంతో ఒడ్డునే చిక్కుకుపోయాడు. మీడ్ వెంటనే మీద పడలేదు. ఈలోపు నీళ్ళు తగ్గాయి, లీ దాటిపోయాడు. లింకన్‌కి ఒళ్ళు మండింది. అధ్యక్షుడు తన మీద అసంతృప్తిగా ఉన్నాడని మీడ్‌కి తెలిసి, అయితే నన్ను తప్పించండని కబురు పంపాడు.

జూలై 14న లింకన్ అతన్ని సముదాయిద్దామనే కలం పట్టాడు. ఉత్తరం మొదట్లో అన్నీ కృతజ్ఞతలే. రాస్తున్నకొద్దీ కలం దారి మళ్ళింది. శత్రువు మీ చేతికి అందాడు, పట్టుకుని ఉంటే యుద్ధం ముగిసిపోయేది, బంగారంలాంటి అవకాశం పోయింది, నాకు చెప్పలేనంత బాధగా ఉంది, ఇలా సాగింది. మొత్తం రాశాడు. రాసి, కవరు మీద జనరల్ మీడ్‌కి అనీ, పంపలేదు, సంతకం చెయ్యలేదు అనీ రాసి పక్కన పెట్టేశాడు. ఆ ఉత్తరం ఆయన కాగితాల్లో అలాగే మిగిలింది.

ఆయన కోపాన్ని దిగమింగలేదు, గమనించండి. దాచుకోకుండా కాగితం మీద కక్కేశాడు. పంపితే మాత్రం ఏమొచ్చేది? లీ నది దాటేశాడు, ఉత్తరం వెళ్ళి అతన్ని వెనక్కి లాక్కురాదు. పోయేది మీడ్ ఒక్కడే. యుద్ధం అయ్యేదాకా మీడ్ ఆ సేనకి అధిపతిగానే ఉన్నాడు. మీకూ ఒళ్ళు మండినప్పుడు రాసుకోండి, కావలసినంత ఘాటుగా రాసుకోండి. కాకపోతే చాట్‌లో కాదు, నోట్స్‌లో రాయండి. చాట్‌లో రాస్తే వేలు ఊరుకోదు.

ఇదంతా చదివి, ‘ఓహో, వివేకం అంటే నోరు మూసుకుని కూర్చోవడమన్నమాట’ అనుకునేరు. మా వయసువాళ్ళలో చాలామంది అలా అనుకునే బతుకుతుంటారు. భయానికి వివేకమని పేరు పెట్టుకుంటే పక్కవాళ్ళు మర్యాదగా చూస్తారు, అదో సౌకర్యం. కాబట్టి అదే లింకన్ చేసిన ఇంకో పని చెబుతాను. అంతకు ఏడాది ముందు, 1862 జూలైలో, తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు విముక్తి ప్రకటిస్తానని ఆయన తన మంత్రుల ముందు చెప్పేశాడు. విదేశాంగ మంత్రి సీవార్డ్ కాదనలేదు గానీ, వరసగా దెబ్బలు తింటున్నప్పుడు ప్రకటిస్తే గతిలేక అరిచినట్టుంటుంది, ఒక గెలుపు వచ్చేదాకా ఆగమన్నాడు. లింకన్ కాగితం లోపల పెట్టేశాడు. సెప్టెంబర్ 17న ఆంటీటమ్ దగ్గర యుద్ధం జరిగింది. ఘనవిజయమేమీ కాదు, రెండు వైపులా శవాల గుట్టలు. అయితే లీ వెనక్కి తగ్గాడు. ఇంతకంటే మంచి గెలుపు కోసం లింకన్ చూస్తూ కూర్చోలేదు. సెప్టెంబర్ 22న ప్రకటించాడు, 1863 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చాడు.

ఆగడంలో రెండు రకాలున్నాయని నాకు దీనివల్లే తెలిసొచ్చింది. ఆయన దేనికోసం ఆగాడో ఆయనకి తెలుసు. మంచిపని ఏదైనా అడిగినప్పుడు ‘ఇప్పుడు సమయం కాదు’ అనేవాళ్ళు మీకు జీవితమంతా తగులుతారు, ఆఫీసుల్లో, పార్టీల్లో, ఇంట్లో. "మరెప్పుడు? ఏం జరిగాక?" అని అడగండి. ఫలానాది జరిగాక అని చెప్పగలిగితే వాళ్ళతో పాటు ఆగండి. చెప్పలేకపోతే వాళ్ళకి ఆ పని చెయ్యాలని లేదు. ఈ ప్రశ్న మిమ్మల్ని మీరు కూడా వేసుకోవచ్చు. జవాబు అంత బాగుండదు ఒక్కోసారి.

ఇక మీరు అడిగిన ‘ఎంతసేపు’ విషయానికొస్తే, నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1962 అక్టోబర్‌ది. సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెడుతోందని అమెరికా అధ్యక్షుడు కెనడీకి 16న ఫోటోలతో సహా తెలిసింది. మొదటిరోజు ఆయన సలహాదారులు కూర్చున్న గదిలో వినిపించిన మాటలు ఎక్కువగా వైమానిక దాడి వైపే. బాంబులేస్తే పని అయిపోతుందన్నారు. కెనడీ బయటికి పొక్కనివ్వకుండా కొన్ని రోజులు వాదనలు సాగనిచ్చాడు. 22న నౌకా దిగ్బంధం ప్రకటించాడు, అంటే క్యూబాకి ఆయుధాలు తెచ్చే ఓడల్ని సముద్రంలో ఆపడం. దాడి కంటే అది బలహీనంగా కనిపించింది. సైనికాధికారులకి నచ్చలేదు. అయితే దిగ్బంధాన్ని రేపు బిగించొచ్చు, సడలించొచ్చు, దాని మీద మాట్లాడుకోవచ్చు. పడిన బాంబుని వెనక్కి పిలవలేం. చివరికి 28న సోవియట్ నాయకుడు కృశ్చేవ్ క్షిపణులు తీసేస్తామన్నాడు. దానికి బదులుగా టర్కీలో ఉన్న తమ క్షిపణుల్ని తీసేస్తామని అమెరికా రహస్యంగా మాటిచ్చింది. అవతలివాడు తల ఎత్తుకుని వెనక్కి తిరగడానికి ఒక దారి వదిలారన్నమాట. ఇంటి గొడవల్లో కూడా ఇంతకంటే పనికొచ్చే విద్య నాకు తెలియదు.

అసలు సంగతి ముప్పై ఏళ్ళకి బయటపడింది. దాడికి వచ్చే సైన్యం మీద వాడటానికి చిన్నరకం అణ్వాయుధాలు అప్పటికే క్యూబాలో సిద్ధంగా ఉన్నాయని 1992లో సోవియట్ జనరల్ ఒకాయన చెప్పాడు. 1962లో ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఎంత తెలివైనవాళ్ళు ఎన్ని రోజులు ఆలోచించినా తెలియనిది కొంత మిగిలే ఉంటుంది. వెనక్కి రాగలిగే దారి పట్టినవాణ్ణి ఆ తెలియనిది చంపలేదు. మొదటి 24 గంటల్లోనే తేల్చాల్సి వచ్చుంటే ఇంత వివేకంగా నిర్ణయించేవాళ్ళం కాదేమోనని కెనడీయే తర్వాత టీవీ ఇంటర్వ్యూలో అన్నాడు.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1986 జనవరి 27 రాత్రిది. మర్నాడు పొద్దున చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరాలి. అప్పటికే కొన్నిసార్లు వాయిదా పడింది. రాకెట్ తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు, ఇంత చలిలో వద్దు, అతుకుల్లోని రబ్బరు వలయాలు గట్టిపడి వేడి వాయువుని ఆపలేకపోవచ్చు అని చెప్పారు. అంతకుముందు ఎగిరినవాటిలో ఆ వలయాలు అతి చల్లగా ఉన్నదే 12 డిగ్రీల దగ్గర, ఇక్కడ గడ్డకట్టే చలి. నాసా అధికారులకి ఈ మాట రుచించలేదు. కంపెనీవాళ్ళు కాసేపు ఫోన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. అప్పుడు పై అధికారి ఒకాయన ఇంజనీరింగ్ విభాగం పెద్దతో, నీ ఇంజనీర్ టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకో అన్నాడు. ఆయన పెట్టుకున్నాడు. సరే, ఎగరనివ్వండి అన్నారు. 28న, ఎగిరిన 73 సెకన్లకి నౌక ముక్కలైంది. ఏడుగురు పోయారు, వాళ్ళలో ఒకావిడ బడిపంతులమ్మ.

ఇందులో నన్ను కుదిపేసేది అక్కడ ప్రశ్న మారిపోయిన తీరు. ‘ఇది క్షేమమని నిరూపించండి’ అనాల్సింది పోయి, ‘ప్రమాదమని మీరే నిరూపించండి’ అన్నట్టు తయారైంది. ఆపితే పోయేది ఒక రోజు. మీరు రేపు నలుగురి మీద పెత్తనం ఉన్న కుర్చీలో కూర్చున్నప్పుడు, వద్దని గొణుగుతున్నవాణ్ణే సాక్ష్యాలు తెమ్మని మొండికేస్తున్నామా అని చూసుకోండి.

సరే, అసలు ఆలోచించే టైమే లేకపోతే? అలాంటప్పటికి ఆలోచన ముందే అయిపోయి ఉండాలి. 1935 అక్టోబర్ 30న బోయింగ్ కంపెనీ కొత్తగా చేసిన పెద్ద యుద్ధవిమానం పరీక్ష కోసం పైకి లేచి కూలిపోయింది. నేలమీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా వేసే లాకు తియ్యడం మరిచిపోయారు. నడిపినాయన కొత్తవాడేం కాదు, చెయ్యి తిరిగిన పైలట్. ఆ తర్వాతే, ఎగిరేముందు చూసుకోవాల్సినవన్నీ కాగితం మీద రాసిపెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసుకోవడం అలవాటు చేశారు. ఇవాళ ఏ విమానమూ అది లేకుండా కదలదు.

మీరూ తీరిగ్గా ఉన్న రోజున అలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోండి. తాగినవాడు నడిపే బండి ఎక్కను. ఒకరి అప్పుకి హామీ సంతకం అడిగిన రోజునే పెట్టను. ఇప్పుడే, ఈ నిమిషంలోనే డబ్బు పంపమని తొందరపెట్టినవాడికి పంపను. ఇంకొకరి ఫోటో వాళ్ళని అడక్కుండా ముందుకి పంపను. ఇవి నావి. కొన్ని మీకు అక్కర్లేకపోవచ్చు, మీకు కావలసినవి నాకు తట్టకపోవచ్చు. పొడుగ్గా రాస్తే ఎవరూ పాటించరు, నాలుగైదు చాలు. అవసరం వచ్చినప్పుడు ‘నేనిలా చెయ్యనని ముందే అనుకున్నాను’ అంటే అవతలివాడితో వాదించే పని కూడా తప్పుతుంది. ఏం రాసుకున్నారో నాకు చూపించక్కర్లేదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ