మారుతి హైబ్రిడ్ల మీద మా షెడ్డులో రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా కార్లు విప్పి బిగిస్తున్నాను. ఈ మధ్య కారు కొనబోయే ప్రతివాళ్లూ ఫోన్ చేసి "హైబ్రిడ్ తీసుకోమంటారా?" అని అడుగుతున్నారు. హైబ్రిడ్ అంటే ఇంజిన్‌కు తోడు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉండే బండి. రోజుకు పదిమందికి చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టేస్తే పోతుంది.

అపోహ: నా పాత సియాజ్ కూడా హైబ్రిడ్డే, వెనకాల రాసుంది కదా.

రాసుంది, నిజమే. 2015లో సియాజ్ డీజిల్‌కు మారుతి ఎస్‌హెచ్‌వీఎస్ (స్మార్ట్ హైబ్రిడ్ వెహికల్ బై సుజుకి) అని బ్యాడ్జీ వేసింది. బానెట్ ఎత్తి చూస్తే అక్కడున్నది డైనమో జాగాలో బెల్టుతో తిరుగుతూ సెల్ఫ్ పని కూడా చేసే ఒక మోటారు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపుతుంది, మళ్లీ లేపుతుంది, స్పీడ్ పెంచేటప్పుడు కాస్త సాయం పడుతుంది. ఇంజిన్ లేకుండా మాత్రం బండిని జానెడు కూడా కదిలించలేదు. దీన్నే మైల్డ్ హైబ్రిడ్ అంటారు. కాసేపైనా బ్యాటరీ మీదే నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ మారుతి నుంచి 2022లో గ్రాండ్ విటారాతో గానీ రాలేదు. అదీ టయోటా ఇంజిన్, టయోటా సిస్టమ్, తయారయ్యింది కర్ణాటకలోని టయోటా బిడది ప్లాంట్‌లో. టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ జపాన్‌లో 1997లోనే రోడ్డెక్కింది, చూసుకోండి.

అపోహ: మారుతికి చేతకాక టయోటాని పట్టుకుంది.

సుజుకి వాళ్లు 2003లోనే జపాన్‌లో ట్విన్ అనే ఇద్దరు కూర్చునే చిట్టి కారులో హైబ్రిడ్ అమ్మారు. చేతకాక కాదు, లెక్క కుదరక. మన దగ్గర మైల్డ్ హైబ్రిడ్లకు కేంద్రం ఇచ్చే ఫేమ్ సబ్సిడీ 2017 ఏప్రిల్‌లో తీసేశారు, మూడు నెలలకే జీఎస్టీ వచ్చి పెద్ద హైబ్రిడ్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం పడింది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చాక కూడా గ్రాండ్ విటారా సైజు హైబ్రిడ్‌కు 40 శాతం, ఈవీకి 5 శాతం. మారుతి కొనేవాళ్లు రూపాయి రూపాయి చూసుకుంటారు కాబట్టి కంపెనీ సీఎన్‌జీ వైపు వెళ్లింది. చిన్న కార్ల వరకు అది తప్పని నేననను. పెద్ద కార్లలో మాత్రం మరీ నాన్చారు.

అపోహ: మైలేజీతోనే అదనంగా పెట్టిన డబ్బు మూడేళ్లలో వచ్చేస్తుంది.

కాగితం, పెన్ను తీసుకోండి. గ్రాండ్ విటారా వచ్చిన కొత్తలో మైల్డ్ హైబ్రిడ్ ఆల్ఫా ఆటోమేటిక్ ఎక్స్‌షోరూమ్ 16.89 లక్షలు, స్ట్రాంగ్ హైబ్రిడ్ ఆల్ఫా ప్లస్ 19.49. తేడా 2.60 లక్షలు. కంపెనీ చెప్పిన మైలేజీలు లీటరుకు 20.58, 27.97 కిలోమీటర్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే దాదాపు 13 లీటర్లు మిగులుతుంది, లీటరు 110 అనుకుంటే 1,400 రూపాయలు. అంటే తేడా రాబట్టుకోవడానికి పదిహేనేళ్లు! బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ నలిగేవాళ్లకు తేడా ఇంకా పెరుగుతుంది, అక్కడ మామూలు బండి పెట్రోల్ తాగేస్తుంటే హైబ్రిడ్ ఇంజిన్ ఆపేసుకుని బ్యాటరీ మీద పాకుతుంటుంది. నెలకు రెండున్నర వేలు తిరిగేవాళ్లు, అదీ ఊళ్లోనే అయితే, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఎప్పుడూ హైదరాబాద్ హైవే మీద వందకు తగ్గకుండా పోయేవాళ్లకు నేను చెప్పను.

అపోహ: ఐదేళ్లకు బ్యాటరీ పోతుంది, లక్షలు అవుతుంది.

హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. నా దగ్గరకు వచ్చే గొడవలన్నీ చిన్న 12 వోల్టుల బ్యాటరీతోనే. గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అమెరికాలో కూతురి పురుడుకి వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చారు. బటన్ నొక్కితే బండి ఉలుకూ పలుకూ లేదు. ఎదురింటాయన "హైబ్రిడ్ బ్యాటరీ కొట్టేసింది, రెండు లక్షలు" అనేశాడట, పాపం ఆ రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడు నేను వెళ్లి మీటర్ పెట్టి చూస్తే 12 వోల్టుల బ్యాటరీలో ఏడు కూడా లేవు. పెద్ద బ్యాటరీ నిక్షేపంలా ఉంది, కాకపోతే దాన్ని నిద్రలేపే కంప్యూటర్‌కు కరెంటు ఈ చిన్నదే ఇవ్వాలి. కొత్తది వేస్తే మీటర్లో రెడీ అని లైటు వెలిగింది. మాస్టారు నా చెయ్యి వదల్లేదు. ఊరెళ్తే ఎవరికైనా తాళాలిచ్చి, వారానికోసారి ఆ రెడీ లైటు వచ్చేలా ఆన్ చేసి అరగంట ఉంచమనండి.

ఇంకోటి, ఈ కార్లలో చాలావాటికి పెద్ద బ్యాటరీ చల్లబడటానికి వెనక సీటు దగ్గర చిన్న జాలీ ఉంటుంది. ఒకసారి పత్తి వ్యాపారి బండిలో ఆ జాలీ నిండా దూది పట్టేసి ఉంది. దాని మీద దుప్పట్లు, సంచులు పడెయ్యకండి.

డిక్కీ సంగతి షోరూమ్‌లో ఎవరూ గట్టిగా చెప్పరు. గ్రాండ్ విటారా మైల్డ్‌లో 373 లీటర్లుంటే స్ట్రాంగ్‌లో 265, మిగతాది బ్యాటరీ తినేసింది. సంక్రాంతికి ఊరెళ్లి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అపోహ: నీళ్లలోకి వెళ్తే షాక్ కొడుతుంది.

కొట్టదు. బండి ఆఫ్‌లో ఉంటే పెద్ద బ్యాటరీకి రిలేలు తెరుచుకుని కరెంటు ఆగిపోతుంది, ఆ లైన్‌కు బాడీతో సంబంధం కూడా ఉండదు. 2024 బుడమేరు వరదప్పుడు మా వీధి నిండా మునిగిన బండ్లే. అప్పుడు ఫోన్ చేసిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను, హైబ్రిడ్ అయినా పెట్రోల్ అయినా బటన్ నొక్కొద్దు, లాగించుకుని రండి అని.

అపోహ: మామూలు కారే కదా, ఎవరి దగ్గరైనా చేయించుకోవచ్చు.

ఆయిల్, ఫిల్టర్, బ్రేకులు ఎవరైనా చేస్తారు. ఆరెంజ్ రంగు వైర్ల జోలికి వెళ్లాలంటే ముందు సర్వీస్ ప్లగ్ పీకాలి, పది నిమిషాలు ఆగాలి, చేతికి వెయ్యి వోల్టుల గ్లవ్స్ ఉండాలి. ఆ గ్లవ్స్ నేను కొన్నది రెండేళ్ల క్రితమే, అంతకుముందు వచ్చిన బండ్లను వెనక్కి పంపేశాను. మీ మెకానిక్‌ను గ్లవ్స్ చూపించమనండి. నవ్వితే ఆయిల్ మాత్రం మార్పించుకుని వచ్చేయండి.