మంత్రం ఉండగా కత్తి ఎందుకు?

గుంటల్లారా,

దసరా సెలవుల్లో అరుగు మీద చాప పరిచి, పాచికలు ముందేసుకుని కూర్చున్న మీలో ఒకరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. "తాతా, మంత్రగాడు ఉండగా కత్తివాడితో పనేటి? మంత్రం చదివేసి అందర్నీ బూడిద చేసీవచ్చు కదా?"

మంచి ప్రశ్న. పాచికలతో కథ నడిపే ఈ ఆట ఆడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గర ఆగవలసిందే. జవాబు సరిగ్గా పట్టుకుంటే కత్తి, మంత్రం కలిసిన కథల రుచి చాలావరకు పట్టుబడినట్టే.

ముందు ఈ ఆటా, ఈ కథలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో రెండు మాటలు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని కథాలోకాన్ని చూపిస్తూ ఉంటే, మిగతావాళ్ళు తలా ఒక మనిషిని నడిపించే ఈ ఆట మొదట 1974లో అమెరికాలో అచ్చయింది. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తయారుచేసినవాళ్ళు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు ఉండేవి, మొదటి విడత వెయ్యి పెట్టెలు వేశారు. అంతకుముందు వాళ్ళు చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలాడేవారు. సైన్యాన్నంతా ఒకరే నడిపే బదులు ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషినే నడపడం మొదలుపెట్టాక, ఆ మనిషికి పేరు కావలసి వచ్చింది, ఆకలి వచ్చింది, భయం వచ్చింది. కథలకి ముడిసరుకేమో అంతకు నలభై ఏళ్ళ ముందటి చవక పత్రికల్లో దొరికింది. టెక్సస్‌కి చెందిన రాబర్ట్ హోవర్డ్ 1932లో కోనన్ అనే మొరటు వీరుణ్ణి అచ్చులోకి తెచ్చాడు. ఫ్రిట్జ్ లైబర్ 1939లో ఫఫర్డ్ అనే ఆజానుబాహువునీ, గ్రే మౌసర్ అనే పొట్టి దొంగనీ జంటగా నడిపించాడు. ఈ తరహా కథలకి 'స్వర్డ్ అండ్ సోర్సరీ', అంటే కత్తీ మంత్రమూ, అని 1961లో పేరు పెట్టిందీ లైబరే.

ఈ కథల్లో లోకాన్ని రక్షించే బరువు ఎవరి మీదా ఉండదు. వీరుడికి రేపటి తిండి కావాలి, పాడుబడ్డ గుడిలో ఉందని విన్న రత్నం కావాలి, వెంటపడ్డ భటుల నుంచి తప్పించుకోవాలి. మంత్రగాడు చాలావరకు ఎదుటి పక్షంలోనే ఉంటాడు. మన జానపద కథల్లోని మాంత్రికుణ్ణి తలుచుకోండి. వాడికి ఎంత శక్తి ఉన్నా, ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకోవలసి వచ్చింది. అంత శక్తి ఊరికే రాదని మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు.

ఇక అసలు సంగతి. మంత్రమంటే షావుకారు దగ్గర తెచ్చిన అప్పు అనుకోండి. దుక్కి దున్నే వేళకి ఎద్దు చచ్చిపోయింది. డబ్బు ఈ పూటే కావాలి. షావుకారు అడగ్గానే ఇస్తాడు, నవ్వుతూ ఇస్తాడు. ఇచ్చేటప్పుడే మొదటి నెల వడ్డీ పట్టుకుని ఇస్తాడు. అంచేత వంద అడిగినవాడి చేతికి వంద రాదు. మంత్రం వేసిన వెంటనే మంత్రగాడి ప్రాణం లెక్కలో, అంటే ఎంత దెబ్బకి తట్టుకుంటాడో చెప్పే అంకెలో, ఒకటి తగ్గుతుందే, అది ఈ పట్టుకున్న వడ్డీ. తర్వాత నోటు రాయించుకుంటాడు, ఏదో ఒకటి తాకట్టు అడుగుతాడు. మీ మంత్రగాడు ఏం తాకట్టు పెట్టాడో ఆట మొదట్లోనే కాగితం మీద రాయించండి. నీడా, నిద్రా, అమ్మ గొంతు గుర్తుండడమా, ఏదైనా సరే. ఆ తర్వాత షావుకారు కొన్నాళ్ళు కనిపించడు. అప్పు తీసుకున్నవాడికి ఇంకో అవసరం పడుతుంది, మళ్ళీ వెళ్తాడు, మళ్ళీ ఇస్తాడు. వడ్డీ అసల్లో కలుస్తుంది. దాని మీద మళ్ళీ వడ్డీ. అప్పు ఎంత పెరిగిందో తీసుకున్నవాడు లెక్క చూసుకోడు, ఇచ్చినవాడు మరిచిపోడు. ఒకరోజు పొద్దున్నే వీధి తలుపు కొడతాడు. ఏ రోజన్నది మీకు తెలీదు. ఆ తెలీకపోవడమే ఈ ఆటలో మంత్రానికి ప్రాణం.

దాన్ని బల్ల మీదకి తేవడం సులువు. గిన్నెడు చింతపిక్కలు మధ్యలో పెట్టండి. మంత్రం వేసిన ప్రతిసారీ మంత్రం పారుతుంది, అందులో అనుమానం లేదు. ఒక పిక్క తీసి మంత్రగాడి ముందు పెట్టండి. వెంటనే ఆరు ముఖాల పాచిక వెయ్యండి. పడిన అంకె అతని ముందున్న పిక్కల లెక్కకి సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే షావుకారు వచ్చినట్టే. మొదటి మంత్రానికి వసూలు పడే అవకాశం ఆరింట ఒకటి. రెండు మంత్రాలు వేసి కూడా తప్పించుకునేవాడు నూటికి యాభయ్యారు మంది. మూడు వేసి తప్పించుకునేది నూటికి ఇరవైఎనిమిది, నాలుగైతే తొమ్మిదే. ఆరో పిక్క పడ్డాక తప్పించుకునే దారే లేదు. వసూలయ్యాక పిక్కలన్నీ గిన్నెలోకి పోతాయి, లెక్క మళ్ళీ మొదలు. ఒక రాత్రి ప్రమాదం లేకుండా పడుకుంటే ఒక పిక్క తీర్చుకోవచ్చు.

వసూలు ఏమిటన్నది గేమ్ మాస్టర్ ముందే రాసిపెట్టుకోవాలి. అప్పటికప్పుడు ఆలోచిస్తే రెండు విధాలుగా చెడుతుంది. స్నేహితుడి మొహం చిన్నబోతే జాలిపడి వదిలేస్తారు, దాంతో పిక్కలకి విలువ పోతుంది. లేదంటే మొదటి వసూలుకే మనిషిని చంపేస్తారు, ఆ తర్వాత ఎవరూ మంత్రం జోలికి పోరు. మెట్లు మెట్లుగా వెళ్ళండి. మొదటిసారి చిన్నది: ఊళ్ళో కుక్కలేవీ అతని దగ్గరకి రావు. రెండోసారి నొప్పి తెలిసేది: చెయ్యి వణుకుతుంది, నేర్పు అనే గుణం అంకెలో రెండు పోతాయి. మూడోసారి తాకట్టు పెట్టినది పట్టుకుపోతాడు. అప్పులో పడ్డ మనిషిని వెక్కిరించకండర్రా, ఆటలోనైనా బయటైనా. మిగతావాళ్ళు చేయి వేసి అతణ్ణి గట్టెక్కించడంలోనే మంచి కథలు పుడతాయి.

ఇప్పుడు కత్తివాడితో పనేటో తెలిసింది కదా. కత్తికి వడ్డీ లేదు. ఎన్నిసార్లు దూసినా ఎవరికీ బాకీ పడదు. కానీ కత్తి దూసినవాడు ఎదుటివాడి కత్తికి అందేంత దగ్గరకి వెళ్ళాలి.

కత్తివాడికీ మంత్రగాడికీ మూడు గుణాలు చాలు: బలం, నేర్పు, తెగువ. ఒక్కోదానికి మూడు ఆరుముఖాల పాచికలు వేసి కూడండి. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 10 గానీ 11 గానీ వచ్చేవి చెరి 27 రకాలు, 18 వచ్చేది ఒక్కటంటే ఒక్కటే. అందుకే పదీ పదకొండూ ఉన్న మనుషులే ఎక్కువ పుడతారు. బలం 18 అంటే మన కోడి రామ్మూర్తినాయుడు గారు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న మహానుభావుడు. అలాంటివాడు ప్రతి జట్టులోనూ ఉండకూడదు, ఉంటే ఏనుగుకి విలువుండదు. ఫలితం తెలీని పని చేసేటప్పుడు ఇరవై ముఖాల పాచిక వెయ్యండి. ఆ గుణం అంకె గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే పని అయినట్టు. 11 ఉన్నవాడికి నూటికి యాభైఅయిదు పాళ్ళు అవుతుంది. ప్రాణం లెక్కకి ఒక ఆరుముఖాల పాచిక వేసి నాలుగు కలపండి. బాకుకి నాలుగు ముఖాల పాచిక, కత్తికి ఆరు ముఖాలది, రెండు చేతులతో పట్టే గండ్రగొడ్డలికి ఎనిమిది ముఖాలది. పడినంత దెబ్బ.

మా చిన్నప్పుడు పాచికలు కొనడమన్న మాటే లేదు. అష్టాచెమ్మాకి గవ్వలుండేవి. గవ్వలు లేని ఇంట్లో చింతపిక్కల్ని రాతి మీద ఒకవైపు అరగదీసి, తెల్లగా చేసి విసిరేవారు. ఎంతసేపు అరగదీస్తే పిక్క ఏ వైపు ఎక్కువ పడుతుందో ఆ వయసుకే అందరికీ తెలుసు, దాని మీద తగువులూ తెలుసు. మీరు అంత కష్టపడక్కర్లేదు. ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి ఒకే తీరున మడిచి డబ్బాలో వెయ్యండి. తీసిన చీటీని చూశాక మళ్ళీ డబ్బాలో వేసి కుదపాలి. బయటే ఉంచేస్తే మిగిలిన అంకెల అవకాశం మారిపోతుంది, చివరికి ఏది రాబోతోందో ముందే తెలిసిపోతుంది.

కొన్న పాచిక సరైనదో కాదో చూడాలంటే గాజుగ్లాసులో నీళ్ళు పోసి, నౌపడ ఉప్పు కరిగినంత కరగనివ్వండి. పాచిక తేలే దాకా కలుపుతూ ఉండాలి. తేలాక వేలితో తిప్పి వదలండి, పైకి ఏ అంకె వచ్చిందో రాసుకోండి. పదిహేను ఇరవైసార్లు తిప్పినా అదే ముఖం పైకొస్తుంటే లోపల గాలిబుడగ ఉన్నట్టు. బరువు రకం పాచికలు ఎంత ఉప్పు వేసినా తేలవు, అది వాటి తప్పు కాదు. మంచి ఇరవై ముఖాల పాచికలో సాధారణంగా ఎదురెదురు అంకెలు కూడితే 21 వస్తుంది. లెక్కపెట్టి చూసుకోండి.

కొత్తగా ఆడేవాళ్ళ ఆట ఎక్కువగా మూడుచోట్ల చెడుతుంది. మొదటిది, ప్రతిదానికీ పాచిక వెయ్యడం. తాళం వెయ్యని తలుపు తియ్యడానికి పాచికేం అక్కర్లేదు. పడితే ఏమవుతుంది, పడకపోతే ఏమవుతుంది అని మిమ్మల్ని మీరే అడగండి. రెంటికీ మంచి జవాబు ఉంటేనే పాచిక ముట్టుకోండి. ముఖ్యంగా, కథ ముందుకు వెళ్ళే ఒకే ఒక్క దారిని పాచిక వెనక దాచకండి. రహస్య ద్వారం ఎవరికీ కనబడకపోతే అందరూ గోడ చూస్తూ కూర్చోవలసిందే.

రెండోది, చివరి శత్రువు చచ్చేదాకా యుద్ధం సాగడం. గంటసేపు "కొట్టాను, తప్పింది" అంటూ ఉంటే ఎవరికి సరదా? శత్రువులకీ ప్రాణం మీద తీపి ఉంటుంది. వాళ్ళ నాయకుడు పడిపోయినప్పుడో, సగం మంది పోయినప్పుడో రెండు ఆరుముఖాల పాచికలు వెయ్యండి. కూలికి వచ్చిన కత్తిగాళ్ళైతే ఏడు దాటితే పారిపోతారు. అంటే నూటికి నలభైరెండు పాళ్ళు యుద్ధం అక్కడితో ఆగిపోతుంది. పారిపోయినవాడు రేపు ఇంకెవర్నో తీసుకొస్తాడు, కాబట్టి గేమ్ మాస్టర్‌కి నష్టమేమీ లేదు.

మూడోది, వెలుగు సంగతి మరిచిపోవడం. సొరంగంలోకి దిగాక కాగడా లెక్క రాసుకోండి. పాత పద్ధతిలో కథలోని పది నిమిషాలు ఒక వంతు, ఒక కాగడా ఆరు వంతులు కాలుతుంది. కాగితం మీద ఆరు గడులు గీసి ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోండి. నాలుగో గడి కొట్టేసరికి, ఎవరూ చెప్పకుండానే అందరూ గొంతులు తగ్గిస్తారు. కత్తితో పాటు కాగడా పట్టుకున్నవాడికి రెండో చేతిలో డాలు ఉండదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇవి కాక, మాటకారి పిల్ల ఒకర్తి అందరి వంతూ తనే ఆడేస్తుంటే కోప్పడకండి. వరసగా చుట్టూ అడుగుతూ రండి, అందరికన్నా తక్కువ మాట్లాడేవాణ్ణి ముందు అడగండి.

ఒకటి మాత్రం వివరించడం నా వల్ల కాదు. ఇరవై ముఖాల ప్లాస్టిక్ ముక్క చాప మీద దొర్లుతుంటే, ఈ లోకంలో లేని మనిషి కోసం అయిదుగురు ఊపిరి బిగబడతారు. ఆ మనిషికి పేరు పెట్టి ఇంకా గంట కాలేదు. లెక్కలన్నీ తెలిసినవాళ్ళూ బిగబడతారు. ఎందుకో మీరే చూడండి.

ఈ సెలవుల్లో ఆడే కథకి పటం ఎక్కణ్ణుంచి తేవాలని అడుగుతారేమో, మన చుట్టూ కావలసినన్ని ఉన్నాయి. విజయనగరం వైపు వాళ్ళు ఆ ఊళ్ళోని కోటకి వెళ్ళండి, అది 1713లో కట్టినది. శ్రీకాకుళం వైపు వాళ్ళు వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కి, బౌద్ధ స్తూపాలున్న చోటు చూడండి. పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్ళండి, పెద్దవాళ్ళని ఒకర్ని తోడు తీసుకెళ్ళండి. కోటలోనైతే గుమ్మం దాటి లోపలికి వెళ్ళేవాడు పైనున్న కాపలావాడికి ఎన్ని అడుగుల దూరం కనిపిస్తాడో నడిచి కొలవండి. కొండ మీదైతే నది మీద వస్తున్న పడవ ఏ మలుపు దగ్గర మొదట కంటపడుతుందో గుర్తు పెట్టుకోండి. రాళ్ళ మీద పేర్లు చెక్కకండి, ఇటుక ముక్క కూడా ఇంటికి తేకండి. ఇంటికొచ్చాక గళ్ళ కాగితం మీద ఒక గడికి అయిదడుగులు చొప్పున గీయండి. మెట్లు ఎన్నో, గోడ ఎక్కడ విరిగిందో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో రాయండి. తర్వాత రత్నం ఎక్కడ దాచాలో ఒకరు నిర్ణయించండి. అది మిగతావాళ్ళకి చెప్పకండి.

ఆశీస్సులతో,
మీ తాత