సిటీ వదిలేస్తే సగం జీతం మిగులుతుందా?

హైదరాబాద్‌లో పన్ను రిటర్నులు వేస్తాను, ఇంటి బడ్జెట్లు చూసిపెడతాను. జూలైలో ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపించే ఆఫీసు కాగితం) చేతిలో పెడుతూ చాలామంది అడిగేది ఒకటే: “సార్, ఈ అద్దెలు కట్టలేక చస్తున్నాం. విజయవాడ వెళ్లిపోతే?” వెళ్లమనీ ఉండమనీ చెప్పను. వాళ్లు రాసుకొచ్చిన లెక్క మాత్రం ఒకసారి చూస్తాను.

అపోహ: అద్దెలో తేడా ఎంతో, మిగులు అంత.

వాస్తవం: మొన్న ఒక జంట కాగితం తెచ్చారు. కొండాపూర్‌లో మెయింటెనెన్స్‌తో కలిపి 34 వేలు, విజయవాడ పటమటలో 15 వేలు. తేడా 19 వేలు, దాని కింద రెండు గీతలు. కాగితం తిప్పి వెనక రాయమన్నాను. ఆయన నెలకు రెండుసార్లు ఆఫీసులో కనబడాలి. బస్సు, రెండు రాత్రుల బస, తిండి కలిపి ట్రిప్పుకు 4 వేలు, అంటే 8 వేలు. ఆవిడ జీతం ఇక్కడ 45 వేలు, అక్కడ అదే పనికి ఇస్తామన్నది 30. అంటే మిగలడం మాట అటుంచి నెలకు 4 వేలు ఎదురు. నేను చూసినంతలో ఈ లెక్కను తిరగేసేది అద్దె కాదు, రెండో జీతం. ఇద్దరికీ ఇంటినుంచే పని అయితే కథ వేరు, నిజంగానే మిగులుతుంది. కాకపోతే ఆ మాట మేనేజర్ నోట్లో కాదు, కాగితం మీద ఉండాలి.

అపోహ: అద్దె తగ్గితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు పోయి పన్ను పెరుగుతుంది.

వాస్తవం: కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. లేనిది పోయేదేముంది? పాత విధానంలో ఉంటేనే ఈ బెంగ.

అపోహ: కారు మనదేగా, తోలుకెళ్తే చాలు.

వాస్తవం: వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఈ పద్దు ఎవరి కాగితంలోనూ ఉండదు.

అపోహ: పిల్లల చదువు ఎక్కడైనా ఒకటే, ఎప్పుడు మారినా ఫర్వాలేదు.

వాస్తవం: డబ్బు పొరపాటును రెండేళ్లలో సర్దుకోవచ్చు, దీన్ని సర్దుకోలేం. ఇంజనీరింగ్, మెడిసిన్ కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. లోకల్ అంటే ఆధార్‌లో అడ్రసు కాదు. ముఖ్యంగా చూసేది ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివారన్నదే. మెడికల్ సీట్లకు తెలంగాణ పెట్టిన ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ, వాటిమీద ఆశ పెట్టుకుని సామాను లారీకి ఎక్కించకండి.

ఆ జంటకు ఈ సంగతి తెలియదు. పాప ఎనిమిదో తరగతి. వెళ్లేదేదో తొమ్మిదిలో చేర్చేలోపే తేల్చుకోవాలి, లేదా ఇంటర్ అయ్యేదాకా కొండాపూర్ అద్దె కట్టాలి అన్నాను. ఆవిడ కాగితం మడిచి, “ముందు నా ఉద్యోగం సంగతి చూస్తా సార్” అని లేచారు.