తలంబ్రాల దగ్గర వీడియో ఎందుకు చెదురుతుంది?

మా అక్క పెళ్లి క్యాసెట్‌ని రెండేళ్ల కిందట ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. 1994 నాటి పెళ్లి, మూడు గంటల వీడియో. అందులో నాక్కావలసింది మహా అయితే ఐదు సెకన్లు. తలంబ్రాల వేళ మా తాతయ్య నవ్విన నవ్వు. ఆయన ఏ ఫొటోలోనూ నవ్వలేదు. కెమెరా కనబడితే చాలు, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయేవారు. ఆ ఒక్కసారి మాత్రం ఆపుకోలేకపోయారట. "అక్క పళ్లెం పళ్లెమంతా ఎత్తి బావ నెత్తిన కుమ్మరించేసిందిరా, మీ తాతయ్య పడీ పడీ నవ్వారు" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

కూర్చుని మూడు గంటలూ చూసేస్తే సరిపోయేది. కానీ గంటలో అయ్యే పనికి వారం రోజులు ప్రోగ్రాం రాయడం మా వృత్తిలో ఉన్న జబ్బు. ఆ జబ్బు పుణ్యమా అని నాకు బాగా బోధపడింది ఒకటుంది. బొమ్మని దాచాలన్నా, వెతకాలన్నా కంప్యూటర్ ముందు చేసే పని పారేయడమే. ఏది పారేయాలో తెలిసినవాడిదే అల్గారిథం.

ముందు దాచడం సంగతి. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున మూడు గంటలకి 2,70,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు. పిక్సెల్‌కి మూడు రంగుల కింద మూడు బైట్లు వేసుకుంటే మొత్తం 336 జీబీ దాకా తేలుతుంది. స్టూడియో వాళ్లు ఇచ్చిన ఫైలు 4 జీబీ. మిగతా 332 ఏమైనట్టు? కొంత రాయాల్సిన అవసరమే లేకపోయింది, కొంత మనకి తెలియకుండా పారేశారు.

పారేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఫ్రేముని 8 పిక్సెళ్లకి 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తారు. గడికి 64 సంఖ్యలు. ఆ గడి పందిరి వెనక సున్నం గోడ మీద పడిందనుకోండి, 64 సంఖ్యలూ ఇంచుమించు ఒకటే. అక్క పట్టుచీర జరీ అంచు మీద పడితే ఒక పిక్సెల్ తళుక్కుమంటుంది, దాని పక్కది ముదురు ఎరుపు. ఈ 64 సంఖ్యల్నీ ఉన్నవి ఉన్నట్టు రాయకుండా అలల లెక్కలోకి మారుస్తారు: ఈ గడిలో మెల్లగా మారే అల పాలెంత, చకచకా మారే అల పాలెంత అని. మార్చాక కూడా ఉండేవి 64 సంఖ్యలే. కాకపోతే బరువంతా మొదటి కొన్నింటి మీదకి చేరిపోతుంది, చివరివి సున్నాకి దగ్గరలో మూలుగుతుంటాయి. సన్నటి మార్పుల్లో హెచ్చుతగ్గుల్ని మన కన్ను అంతగా పట్టుకోలేదు కనుక ఆ చివరి సంఖ్యల్ని మొరటుగా సవరించి సున్నాలు చేసేస్తారు. సున్నాల వరసకి చోటు పెద్దగా అక్కర్లేదు.

ఈ లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. 1974 జనవరిలో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు ముగ్గురి పేర్లతో అచ్చయింది. బెంగళూరులో పుట్టిన అహ్మద్ అప్పటికి అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు. నటరాజన్ ఆయన శిష్యుడు. రావుగారు ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్. ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరు చదవగానే మనవాళ్లెవరైనా ఒక్క క్షణం ఆగకుండా ఉండరు. 1972లో ఈ ఆలోచన మీద పనిచేస్తానని అహ్మద్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని డబ్బు అడిగితే రాలేదు. మరీ తేలిగ్గా ఉందనుకున్నారట. ఆ తేలికైన లెక్కే 1992లో ఫొటోల్ని కుదించి దాచే జేపెగ్ పద్ధతికి పునాది అయింది. పొద్దున్నే ఫోన్లో వచ్చి పడే గులాబీల శుభోదయం బొమ్మలన్నీ దాని మీదుగా వచ్చేవే.

ఇదంతా ఒక ఫ్రేము వరకే. అసలు పొదుపు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉంది. సెకనులో 25వ వంతులో పెళ్లిపందిట్లో ఏం మారుతుంది గనక? పురోహితుడి చెయ్యి కాస్త లేస్తుంది, కెమెరా అతను అంగుళం పక్కకి జరుగుతాడు. అందుకని ఈసారి 16కి 16 పిక్సెళ్ల గళ్లు తీసుకుని, ఒక్కో గడినీ ముందు ఫ్రేములో ఎక్కడుందో వెతుకుతారు. దొరికితే బొమ్మ రాయరు. "మూడు పిక్సెళ్లు కుడికి జరిగింది" అని రాసి, మిగిలిన కాస్త తేడా కలుపుతారు, అంతే.

అంటే వీడియోని దాచడంలో కూడా సగం పని వెతుకులాటే. అదీ అల్లాటప్పా వెతుకులాట కాదు. గడి చుట్టూ ఏడేసి పిక్సెళ్ల మేర గాలించాలంటే 225 చోట్ల పోల్చి చూడాలి. ఒక్క పోలికకి 256 తీసివేతలు. మా క్యాసెట్ ఫ్రేముకి 1,620 గళ్లు. లెక్క కడితే ఒక్క ఫ్రేముకే 9 కోట్ల 33 లక్షల తీసివేతలు. 1981లో జపాన్ ఇంజినీర్లు చెప్పిన మూడడుగుల పద్ధతి దీన్ని దారికి తెచ్చింది. ముందు నడిమధ్యనా, నాలుగేసి పిక్సెళ్ల దూరంలో ఎనిమిది చోట్లా చూడు. ఎక్కడ బాగా పోలిందో అక్కడికి జరిగి, రెండేసి పిక్సెళ్ల దూరంలో మళ్లీ ఎనిమిది. తర్వాత ఒక్కో పిక్సెల్ దూరంలో ఇంకో ఎనిమిది. మొత్తం 25 చోట్లు. 225కి బదులు 25! అప్పుడప్పుడూ మొదటి అడుగులోనే తప్పుదారి పట్టి, అసలు చోటు పక్కనే ఉన్నా చూడకుండా వెళ్లిపోతుంది నిజమే. తొమ్మిదో వంతు ఖర్చుకి ఆ మాత్రం పొరపాటు చెల్లిపోతుంది.

ఇప్పుడు తలంబ్రాలు. దోసిట్లోంచి జారిన ప్రతి గింజదీ ఒక దారి. ఒకటి తలపాగాకి తగిలి ఎగురుతుంది, ఒకటి భుజం మీంచి జారుతుంది, ఒకటి ఫొటోగ్రాఫర్ వైపు దూసుకొస్తుంది. ముందు ఫ్రేములో ఏ గడికీ జోడీ దొరకదు. పైగా పసుపు రాసిన ఆ గింజలన్నీ సన్నటి చుక్కలు, అంటే చకచకా మారే అలలే తప్ప మెల్లగా మారేవి తక్కువ. రెండు పొదుపులూ ఒకేసారి చెడ్డాయన్నమాట. సెకనుకి ఇన్ని బైట్లకి మించి వాడకూడదని పై హద్దు ఒకటి ఉంటుంది కనుక, ఇక చేసేది లేక కంప్యూటర్ మిగతా వివరాలన్నీ మొరటుగా గీకేస్తుంది. అందుకే సరిగ్గా అందరూ నవ్వుతున్న వేళకి ముఖాలు గళ్లు గళ్లుగా చెదిరిపోతాయి. వాన, జలపాతం, దీపావళి చిచ్చుబుడ్డి, అన్నింటిదీ ఇదే రోగం.

సరే, వెతకడానికి వద్దాం. వీడియోలో ఏదైనా వెతికేముందు దాన్ని షాట్లుగా విడగొట్టుకోవాలి. ఫ్రేములో ఏ రంగు ఎంత ఉందో లెక్కేసి, పక్క ఫ్రేము లెక్కతో పోల్చి, ఉన్నట్టుండి తేడా పెరిగిన చోట కత్తెర పడిందనుకోవడం పాత పద్ధతి. ఏ రంగు ఎక్కడుందన్నది పారేసి, ఎంతుందన్నదే ఉంచుకుంటుంది. చాలా వీడియోల మీద బాగానే పనిచేస్తుంది. 1990ల నాటి తెలుగు పెళ్లి వీడియో మీద మాత్రం దాని పప్పులుడకవు. అక్క ముఖం గులాబీ పువ్వులోంచి విచ్చుకుంటుంది, బావ హృదయాకారంలో గిరగిరా తిరుగుతూ వచ్చి ఆగుతాడు, ఫొటోల ఫ్లాష్ పడ్డప్పుడల్లా తెర తెల్లబోతుంది. ఫ్లాష్ పడ్డ ప్రతిసారీ నా ప్రోగ్రాం కొత్త షాట్ అని అరిచింది. గులాబీ పువ్వు దగ్గర నోరెత్తలేదు.

ఇక బొమ్మల వెతుకులాట మొదట్లో బొమ్మల్ని చూసేదే కాదు. 2000 ఫిబ్రవరిలో గ్రామీ వేడుకకి జెన్నిఫర్ లోపెజ్ ఒక ఆకుపచ్చ గౌను వేసుకొచ్చింది. దానికోసం జనం ఎగబడి వెతికారు. అక్షరాల లింకులు తప్ప బొమ్మ చూపించే వీలు గూగుల్‌కి లేదు. 2001 జులైలో బొమ్మల వెతుకులాట మొదలుపెట్టడానికి అది ఒక కారణమని ఆ సంస్థ పెద్దలే చెప్పుకున్నారు. అది కూడా బొమ్మ చుట్టూ ఉన్న రాతనీ, ఫైలు పేరునీ చదివి జవాబు చెప్పేది. నా పెన్‌డ్రైవ్‌లో ఫోల్డరు పేరు 'న్యూ ఫోల్డర్ 2'. ఇంక చదవడానికేముంది?

బొమ్మలోపలికి చూసిన పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది 2003లో ఆక్స్‌ఫర్డ్‌లో జోసెఫ్ సివిక్, ఆండ్రూ జిసర్మన్ చేసినది. అంతకుముందు 1999లోనే కెనడాలో డేవిడ్ లో అనే శాస్త్రవేత్త, బొమ్మలో మూలలూ మచ్చలూ లాంటి గుర్తుపట్టదగ్గ చోట్లని ఏరి, ఒక్కోదాన్నీ సంఖ్యల వరసగా రాసే సిఫ్ట్ అనే పద్ధతి చెప్పాడు. బొమ్మ తిరిగినా, చిన్నదైనా ఆ సంఖ్యలు పెద్దగా మారవు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్న అలాంటి చోట్లన్నిటినీ గుంపులు కట్టి, ఒక్కో గుంపునీ ఒక మాటగా లెక్కపెట్టారు. జరీ అంచు మలుపు ఒక మాట, కిటికీ మూల ఒక మాట, చొక్కా బొత్తాం ఒక మాట. బొమ్మ ఇప్పుడు ఒక పేజీ అయింది. పేజీ అయ్యాక పుస్తకం చివర ఉండే పదసూచిక వేయడం ఎంతసేపు? ఈ మాట ఏయే ఫ్రేముల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటే చాలు, సినిమా అంతటినీ రెప్పపాటులో గాలించవచ్చు. వ్యాసాలు వెతికేటప్పుడు 'కానీ', 'అయితే', 'అని' లాంటి మాటల్ని పట్టించుకోనట్టే, అన్ని ఫ్రేముల్లోనూ కనబడే మాటల్ని వాళ్లు తీసిపారేశారు.

ఏ మాట పక్కన ఏ మాట ఉందో కూడా మొదటి వడపోతలో చూడరు. అన్నిటినీ ఒక సంచిలో పోసి కుదిపినట్టే. చార్మినార్ లాంటి కట్టడం దగ్గర దీని తమాషా చూడాలి. నాలుగు మినార్లూ ఒకేలా ఉంటాయి, ఏ వైపు నుంచి చూసినా అదే ఆర్చి. సంచిలో మాటలు అవే కనుక "ఇది చార్మినారే" అని ఠక్కున చెబుతుంది. ఫొటో ఏ వైపు నుంచి తీశారంటే మాత్రం నీళ్లు నములుతుంది.

2012 తర్వాత కథ మారింది. బొమ్మలో ఏముందో కంప్యూటర్ గుర్తుపట్టాల్సిన ఇమేజ్‌నెట్ పోటీలో 12 లక్షల బొమ్మలు, 1,000 రకాల పేర్లు. బొమ్మకి ఐదు జవాబులు చెప్పే వీలిస్తే క్రిజెవ్‌స్కీ, సుట్‌స్కేవర్, హింటన్‌ల న్యూరల్ నెట్‌వర్క్ నూటికి 15.3 తప్పులు చేసింది. రెండో స్థానంలో ఉన్నవాళ్లవి 26.2. ఏది ఉంచాలో ఏది పారేయాలో ఇక మనిషి చెప్పనక్కర్లేదు, బొమ్మల్ని చూసి అదే నేర్చుకుంటుంది. 2021లో వచ్చిన క్లిప్ అనే ప్రోగ్రాం ఇంకో అడుగు వేసింది. ఇంటర్నెట్‌లో దొరికిన 40 కోట్ల బొమ్మలూ, వాటి పక్కనున్న రాతలూ చూసి, బొమ్మనీ మాటనీ ఒకే రకం సంఖ్యల వరసగా మార్చడం నేర్చుకుంది. ఇప్పుడు మాట ఇస్తే, దానికి దగ్గరగా ఉన్న బొమ్మ ఇస్తుంది.

ఏది పారేయాలో బొమ్మల్ని చూసి నేర్చుకుంటే, ఆ బొమ్మలు ఎవరివన్న ప్రశ్న వస్తుంది. జేమ్స్ జూ, లోండా షీబింగర్ 2018లో నేచర్ పత్రికలో ఈ సంగతే రాశారు. ఇమేజ్‌నెట్ బొమ్మల్లో 45 శాతం పైగా అమెరికావి. ప్రపంచ జనాభాలో 36 శాతం ఉన్న భారత్, చైనాలవి రెండూ కలిపి 3 శాతం. తెల్లగౌను పెళ్లికూతుర్ని చూపిస్తే కంప్యూటర్ 'పెళ్లికూతురు', 'పెళ్లి' అంది. ఉత్తర భారత పెళ్లికూతుర్ని చూపిస్తే 'వేషం' అంది, 'కళాప్రదర్శన' అంది. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. నా పెళ్లి వీడియో మీద ప్రయత్నించాక రాలేదు. నేను వాడిన ప్రోగ్రాంకి 'తలంబ్రాలు' అంటే మాటే తెలియదు. ఇంగ్లిష్‌లో బియ్యం అని అడిగితే పంక్తి భోజనాలన్నీ వరసగా చూపించింది. పప్పు, వంకాయ, చక్రపొంగలి, వడ్డనవాళ్ల గరిటెలతో సహా. తాతయ్య ముఖం ఇచ్చి వెతకమంటే, దూరం నుంచి తీసిన షాట్లలో ఆ ముఖం 20 పిక్సెళ్లు కూడా లేదు, ముగ్గురు వేరే తాతల్ని పట్టుకొచ్చింది.

అప్పుడు తట్టింది. తలంబ్రాల దగ్గర బైట్లు ఎక్కువ ఖర్చవుతాయి కదా! బొమ్మలు చూడటమెందుకు, ఖర్చు చూస్తే పోలా? వీడియో ఫైలులో ఏ ఫ్రేముకి ఎన్ని బైట్లు పట్టాయో చెప్పే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. సెకనుకొక గీత చొప్పున మూడు గంటల ఖర్చూ గీసి చూశాను. చాలామేర చదునైన నేల. మూడుచోట్ల మాత్రం గుట్టలు లేచి పై హద్దుకి తల ఆనించాయి. మొదటిది ఎదురుకోళ్ల దగ్గర, ట్యూబులైట్లూ బ్యాండుమేళం. చివరిది ఊరేగింపులో బాణాసంచా. మధ్యది గంటా 52 నిమిషాల దగ్గర.

నేరుగా అక్కడికి వెళ్లాను. అక్క పళ్లెం ఎత్తింది. బావ తల వంచాడు. వెనక, స్తంభానికి ఆనుకుని, తాతయ్య. పళ్లు కనబడుతున్నాయి. ఆ పళ్ల చుట్టూ అన్నీ గళ్లు.

క్యాసెట్ ఇంకా అమ్మ బీరువాలోనే ఉంది, నాఫ్తలీన్ ఉండల వాసనతో. ఈసారి స్టూడియోకి వెళ్లినప్పుడు ఫైలు 40 జీబీ అయినా ఫర్వాలేదని చెప్పాలి.