సగటు దాచే వయసు

కణజాలం రక్తానిదైనా, చర్మానిదైనా, మెదడుదైనా దాని డీఎన్‌ఏ చూసి మనిషి వయసు లెక్కగట్టవచ్చని 2013లో శాస్త్రవేత్త స్టీవ్ హోర్వాత్ చూపించారు. మన డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే చోట్లు దాదాపు 2.8 కోట్లు. వీటినే సీపీజీలంటారు. చాలా చోట్ల ఆ సైటోసిన్‌కు మిథైల్ అనే చిన్న గుర్తు అంటుకుని ఉంటుంది. హోర్వాత్ 353 చోట్ల గుర్తులను మాత్రమే వాడారు. లెక్కలో తేడా మధ్యగతంగా 3.6 ఏళ్లు.

ఇంతకీ వయసు చెప్పే ఈ గడియారాన్ని నడిపేదేమిటి? కణం విభజన చెందినప్పుడు కొత్తగా తయారైన డీఎన్‌ఏ పోగు మీద గుర్తులు ఉండవు. డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైము పాత పోగును చూసి వాటిని వేస్తుంది. అప్పుడప్పుడు ఒకటి వదిలేస్తుంది. అక్కర్లేని చోట మరొకటి పడుతుంది కూడా. ఏటా గుర్తు ఊడే అవకాశం 0.4%, కొత్తగా పడే అవకాశం 0.4% అనుకుందాం. 90% కణాల్లో గుర్తున్న చోటు 25 ఏళ్లకు 82.7%కి, 50 ఏళ్లకు 76.8%కి దిగుతుంది. ఏ కణంలో ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం, కానీ మొత్తం మీద వక్రరేఖ ఖాయం. కార్బన్-14తో పాత బొగ్గు వయసు కట్టేదీ ఇలాగే. కంప్యూటర్లో యాదృచ్ఛిక మార్పులను పోగుచేసినా వయసు గడియారం తయారవుతుందని 2024లో వచ్చిన పరిశోధనలు చూపాయి. అందుకే, వయసు సరిగ్గా చెప్పే గడియారం దొరికిందంటే ముసలితనానికి కారణం దొరికినట్టే అనుకోవడం పెద్ద పొరపాటు.

పై లెక్కలో ఒక లోపముంది. ప్రతి చోటూ ఒంటరిదనుకున్నాం. అలా విడివిడిగా కాపీ అయితే గుర్తులు తరతరాలు నిలవవని, పక్క గుర్తుల సాయం కావాలని కోపెన్‌హాగెన్‌లోని నీల్స్ బోర్ సంస్థ భౌతికశాస్త్రజ్ఞులు 2014లో లెక్కగట్టి చూపారు. సాయముంటే పక్కపక్క చోట్లున్న ఆ డీఎన్‌ఏ ముక్కకు రెండే నిలకడైన స్థితులు: దాదాపు అన్నిటా గుర్తు, లేదా దాదాపు ఎక్కడా లేదు. ఒకటి రెండు తప్పులను పొరుగువే సరిదిద్దుతాయి. ఒకేసారి చాలా పడితే ముక్క మొత్తం రెండో స్థితికి ఒరిగిపోతుంది.

మెల్లగా అరగడం, ఒక్కసారిగా ఒరగడం: ఈ రెంటినీ సగటు వేరుచేయలేదు. పక్కపక్కన 4 సీపీజీలు తీసుకుంటే 16 నమూనాలు సాధ్యం. సగం అణువుల్లో నాలుగూ ఉండి, మిగతా సగంలో ఒక్కటీ లేకపోతే సగటు 50%, ఎంట్రపీ (నమూనాలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత) 1 బిట్. పదహారూ సమానంగా కలిసిపోతే సగటు అదే 50%, ఎంట్రపీ మాత్రం 4 బిట్లు. అసలు సమాచారమంతా ఇక్కడుంది. గుర్తులను కొలిచే చిప్ మీద ఒక్కో చోటి సగటు మాత్రమే వస్తుంది కనుక దీనికి సీక్వెన్సింగ్, అంటే ఒక్కో అణువును అక్షరం అక్షరంగా చదవడం, తప్పదు.

అక్కడా చిక్కులున్నాయి. 8 రీడ్లతో (ఒక్కో రీడ్ అంటే ఒక అణువును చదివిన వరుస) ఎంట్రపీ 3 బిట్లు దాటదు, నిజం 4 అయినా సరే. కాబట్టి రీడ్ల సంఖ్య సమానం చేయకుండా ఇద్దరిని పోల్చకూడదు. సగటుకూ ఇదే గొడవ: 50% ఉన్న చోట 25 రీడ్లు తీస్తే ప్రామాణిక దోషం (కొలత మామూలుగా అటూఇటూ అయ్యే మేర) 10 పాయింట్లు. మన ఉదాహరణలో పాతికేళ్ల మార్పే సుమారు 7 పాయింట్లు!

గుర్తులను చదివే ముందు వాడే బైసల్ఫైట్ రసాయనం గుర్తు లేని సైటోసిన్‌ను యురాసిల్ అనే వేరే అక్షరంగా మారుస్తుంది; మారనిదాన్ని గుర్తున్నదిగా లెక్కిస్తారు. అది 98% మాత్రమే పనిచేస్తే, మిగిలిన 2% గుర్తున్నట్టు కనిపిస్తాయి. పైన చెప్పిన చోటులో 50 ఏళ్ల మనిషి 48 ఏళ్లవాడిలా తేలతాడు. అందుకే గుర్తుల్లేని లామ్డా ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే ఒక వైరస్) డీఎన్‌ఏను కొంచెం కలిపి, మార్పు 99% దాటిందో లేదో చూస్తారు.

అన్నిటికన్నా మోసం చేసేది రక్తంలోని కణాల పాళ్లు. వయసుతో నైవ్ టీ కణాలు (ఇంకా ఏ సూక్ష్మజీవినీ ఎదుర్కోని రోగనిరోధక కణాలు) తగ్గుతాయి. ఏ కణంలోనూ ఒక్క గుర్తు కదలకపోయినా సగటు మారుతుంది. రెండు రకాల కణాల మిశ్రమం ఎంట్రపీలో కూడా 1 బిట్ వరకు చూపించి, ముక్క ఒరిగిపోయినట్టే భ్రమ కల్పిస్తుంది. కణాలను ముందే రకాలవారీగా వేరుచేయాలి, లేదా ఒక్కో కణాన్ని విడిగా చదవాలి.