పిల్లల కొవ్వు లెక్కలో నీళ్ల వాటా

ఎనిమిదేళ్ల పాపను ఇంట్లోని డిజిటల్ తూకం మీద నిలబెడితే కొవ్వు 18 శాతమని చూపిందట. నమ్మవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. నిజానికి ఆ యంత్రం కొవ్వును చూడనే చూడదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి అతి స్వల్ప విద్యుత్తు పంపి, దారిలో ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. ఆ అడ్డును బట్టి ఒంట్లో నీరు, నీటిని బట్టి కొవ్వు కాని భాగం ఎంతో అంచనా కడుతుంది. మిగిలిందంతా కొవ్వు కింద జమ! బీఎమ్ఐ సంగతి సరేసరి. ఎత్తూ బరువూ తప్ప దానికేమీ తెలియదు.

నీటిని కొలవడంలో నాకు ముచ్చటగొలిపేది భారజలం పద్ధతి. తొట్టిలో నీళ్లెన్నో తెలియనప్పుడు తూచిన ఉప్పు వేసి కలిపి, చెంచాడు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూస్తే చాలు. అది ఎంత పలచబడితే తొట్టిలో అన్ని నీళ్లున్నట్టు. ఇక్కడ ఉప్పు పని చేసేది డ్యుటీరియం, అంటే హైడ్రోజన్‌కే బరువైన రూపం. మణుగూరులో అణు రియాక్టర్ల కోసం తయారయ్యే భారజలంలో ఉండేది ఇదే. భయం అక్కర్లేదు, దానికి రేడియోధార్మికత లేదు. పాప చేత కొద్ది గ్రాముల భారజలం తాగిస్తారు. తాగకముందు ఒకసారి, మూడు నాలుగు గంటలయ్యాక మరోసారి నోట్లో దూది పెట్టి లాలాజలం తీస్తారు. తొట్టి గోడలు కాస్త ఉప్పు పీల్చుకున్నట్టు, కొంత డ్యుటీరియం ప్రోటీన్లలోని హైడ్రోజన్‌తో చోటు మార్చుకుంటుంది. అందుకని వచ్చిన అంకెను 1.041తో భాగిస్తారు.

చిక్కంతా ఆ తర్వాతే. 30 కిలోల పాప ఒంట్లో 18 కిలోల నీరు తేలిందనుకుందాం. పెద్దవారిలో కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే. 18ని 0.73తో భాగిస్తే 24.7 కిలోలు, కొవ్వు 5.3 కిలోలు, అంటే 18 శాతం. కానీ పిల్లల ఒంట్లో చెమ్మ ఎక్కువ. పుట్టినప్పుడు ఆ వాటా 80 శాతం దాకా ఉంటుంది, ఎనిమిదేళ్లకు 76 దగ్గరికి దిగుతుంది. 0.76తో భాగించి చూడండి: కొవ్వు 6.3 కిలోలు, 21 శాతం! గాలి గదిలో కూర్చోబెట్టి సాంద్రత కొలిచే పద్ధతిలో పెద్దల అంకెలు వాడితే తప్పు ఎదురు దిక్కున పోతుంది. కొవ్వు సాంద్రత 0.9, మిగతా ఒంటిది 1.1 అని లెక్క. పిల్లల్లో ఆ మిగతాది 1.1 కన్నా తక్కువ కాబట్టి లేని కొవ్వు ఉన్నట్టు తేలుతుంది. సూత్రాలు వల్లె వేయించే మన పాఠాల్లో, అందులోని స్థిరాంకం ఎవరి ఒంటి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తూచినా బరువు ఒక్కటే చాలదని పుణె పరిసర పల్లెల్లో తేలింది. 2003లో వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ప్రచురించిన వివరాల ప్రకారం అక్కడి నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. కండ బాగా తక్కువ; చర్మం కింది కొవ్వు ఎంతో చెప్పే, రెక్క ఎముక కింది చర్మపు మడత మందం మాత్రం అంతగా తగ్గలేదు. బక్కబిడ్డల్లోని ఈ కొవ్వును పట్టించింది మడత మందం కొలిచే కాలిపర్.

పాఠకురాలికి నేను చెప్పేదీ అదే. శాతాల జోలికి పోకుండా, ప్రతిసారీ ఒకే మనిషి చేత, ఒకే చోట మడత కొలిపించి మిల్లీమీటర్లే రాసిపెట్టుకోండి. మరీ లావుగా ఉన్న పిల్లలకు కాలిపర్ నోరు చాలదు. వారికి స్వల్ప ఎక్స్‌రేలతో కొవ్వును, కండను, ఎముకను వేరుచేసి చూపే డెక్సా స్కాన్ మేలు, అయితే యంత్రమో దాని సాఫ్ట్‌వేరో మారితే ఆ అంకె కూడా మారుతుంది.